మన యువత లెక్క ఎవరి చేతిలో?

డిగ్రీ, పీజీ చదివిన మన తండా పిల్లలకు ఈ మధ్య ఒక కొత్త దారి కనిపిస్తోంది. ఐక్యరాజ్యసమితి వాలంటీరుగా పరాయి దేశం వెళ్లి, అక్కడి యువత డేటాను విశ్లేషించి, ఆ దేశ అభివృద్ధి ప్రణాళికకు సాయపడటమే ఆ దారి. రొద్దం లాంటి కరువు మండలం నుంచి ఒక సుగాలీ అమ్మాయో, ఎరుకల అబ్బాయో అంత దూరం వెళ్తే మనందరికీ సంతోషమే. అయితే ఆ డేటా గడప దగ్గర ఎలా పుడుతుందో తెలుసుకుని వెళ్లాలని మా మాట.

ముందుగా, ఎవరు వెళ్లగలరో చూద్దాం. ఈ వాలంటీర్ల కార్యక్రమం 1970లో ఏర్పడింది. ప్రధాన కార్యాలయం జర్మనీలోని బాన్ నగరంలో ఉంది. దేశం వెళ్లి పనిచేసేవాళ్లకు జీతం ఉండదు, బతకడానికి నెలనెలా భృతి ఇస్తారు. ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో చేసేవాళ్లకు అదీ ఉండదు. ఇంగ్లీషు రావాలి, ల్యాప్‌టాప్ ఉండాలి. కొడుకు పంపే డబ్బుతో అప్పు కట్టే ఇంట్లో ‘సేవ’ అనే మాట అంత సులువుగా నోట రాదు. అందుకే పేదల లెక్కలు చూసే గదుల్లో పేదింటి పిల్లలు తక్కువ.

ఇక డేటా సంగతి. మనం విదేశం వెళ్లకముందే మన లెక్క విదేశం వెళ్లింది. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం 2002లో ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. ఇక్కడ 2001-02లో పుట్టిన సుమారు 2000 మందినీ, 1994-95లో పుట్టిన సుమారు 1000 మందినీ ఎంచుకుని, వాళ్లు పెద్దయ్యేదాకా కొన్నేళ్లకొకసారి కలుస్తూ వచ్చారు. ఎంచుకున్న జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. పిల్లల పేర్లు, ఊర్ల పేర్లు దాచి, మిగిలిన డేటాను పరిశోధకులకు అందుబాటులో పెట్టారు.

ఆ పనిలో మెచ్చుకోవాల్సింది ఉంది. బడి ముందే మానేసిన ఆడపిల్లలకే చిన్న వయసు పెళ్లిళ్లు ఎక్కువని అది ఏళ్ల తరబడి వెంటుండి చూపింది. మామూలు రోజున ఎన్ని గంటలు నీళ్లు మోస్తావు, తమ్ముణ్ని ఎంతసేపు ఎత్తుకుంటావు, పొలంలో ఎంతసేపు ఉంటావు అనే తీరులో పిల్లల రోజంతా లెక్కగట్టింది. లోటూ ఉంది. దాని ఆధారంగా వచ్చిన వ్యాసాలు ఎక్కువగా ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఓసీ అని నాలుగు గడులుగా పోలుస్తాయి. శ్రీకాకుళం కొండల మీది బిడ్డా, మన రొద్దం వైపు తండా బిడ్డా ఒకే ‘ఎస్టీ’ గడిలో కూర్చుంటారు. ఒకరికి అడవి ఉంది, ఇంకొకరికి చెనిక్కాయ చేను, బెంగళూరు బస్సు ఉన్నాయి. ఈ ఇద్దరి సగటుతో ఎవరికి ప్రణాళిక వేస్తారు?

మన ప్రభుత్వ లెక్కలూ ఇంతకంటే మెరుగేం కాదు. దేశంలో ఉపాధి లెక్క తీసే పీఎల్‌ఎఫ్‌ఎస్ సర్వే 2017లో మొదలైంది. అందులో 93 అని ఒక కోడ్ ఉంది. ఇంటిపనితో పాటు కట్టెలు, ఆకుకూరలు, పశువుల మేత తెచ్చుకునేవాళ్లకు అది వేస్తారు. ఆ కోడ్ పడితే ‘పనిచేసేవాళ్ల’ లెక్కలోకి రారు. సర్వే సారు గడప దగ్గర నిలబడి “మీ పాప ఏం చేస్తుందమ్మా?” అంటాడు. “ఏం లేదు సార్, ఇంటికాడే ఉంటాది” అంటుంది తల్లి. పొద్దున నాలుగింటికి లేచిన పిల్ల చదువు, ఉద్యోగం, శిక్షణ ఏదీ లేని యువత శాతంలో కలిసిపోతుంది. ఆ శాతాన్నే సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 8.6.1 సూచికగా ప్రపంచమంతా చూస్తుంది. ‘ఖాళీగా ఉన్న యువత’కు నైపుణ్య శిక్షణ కావాలని నివేదిక రాస్తారు. ఆ పిల్లకు ముందు కావాల్సింది ఇంటి దగ్గర నీళ్ల కుళాయి, హాస్టల్లో ఒక సీటు.

మన భాషకూ ఇదే గతి. 2011 జనగణనలో లంబాడీ తమ మాతృభాష అని చెప్పినవాళ్లు 32 లక్షలకు పైనే. ఆ సంఖ్యను హిందీ కింద కలిపేశారు. చెప్పింది మనమే, రాసిందీ మన మాటే, గడి మాత్రం వేరేవాళ్లది.

ఇప్పుడు మళ్లీ ఆ వాలంటీరు దగ్గరికి వద్దాం. మన అమ్మాయి ఆఫ్రికాలోని ఏదో దేశానికి వెళ్లిందనుకుందాం. ఐక్యరాజ్యసమితి లెక్కలో యువత అంటే 15 నుంచి 24 ఏళ్లు. మన 2014 జాతీయ యువజన విధానంలో 15 నుంచి 29. ఆఫ్రికా యువజన చార్టర్‌లో 15 నుంచి 35. ముప్పై రెండేళ్ల మనిషి ఒక పట్టికలో యువత, ఇంకోదాంట్లో కాదు. ఆ ఊరి పశువుల కాపరి పిల్లవాణ్ని ఏ గడిలో వేయాలో ఆమెకెలా తెలుస్తుంది? అడగకుండా లెక్క కడితే, మన తండాను చూడకుండా రాసినవాళ్లకూ ఆమెకూ తేడా ఏముంది? మనం మొదట మనల్నే విమర్శించుకోవాల్సింది ఇక్కడ. గిరిజనులమైనంత మాత్రాన ఇంకో దేశపు పేదలు మనకు దానంతటదే అర్థం కారు. సంఖ్య చూసినప్పుడు “ఈ ప్రశ్న ఎవరిని, ఏ భాషలో అడిగారు?” అనే అలవాటును మనం ఇక్కడి నుంచి తీసుకెళ్లాలి. చార్టులు గీయడం ఎవరైనా నేర్చుకుంటారు.

ఆ అలవాటు నేర్చుకునే చోటు దగ్గర్లోనే ఉంది. రానున్న జనగణనకు ప్రాతిపదిక తేదీ 2027 మార్చి 1. ఇళ్లకు తిరిగేది ఎక్కువగా మన ఉపాధ్యాయులే. అయ్యా, అమ్మా, తండాకు వెళ్లినప్పుడు “ఇంటికాడే ఉంటాది” అనే జవాబు దగ్గర ఆగిపోకండి. పొద్దున్నుంచి ఏం చేసిందో ఇంకో మాట అడగండి. ఇంట్లో ఏ భాష మాట్లాడతారో మీరే ఊహించి తెలుగని రాయకండి.

చదువుకున్న పిల్లలకు ఒక మాట. అంతవరకూ ఆగనక్కర్లేదు. ఒక నోటుపుస్తకం తీసుకుని మీ తండాలో పదిహేనేళ్లు దాటినవాళ్ల లెక్క మీరే రాయండి. ఎవరు బడి మానేశారు, ఏ తరగతిలో, ఎందుకు? ఎవరు బెంగళూరు పోయారు, ఎన్ని నెలలకు వస్తారు? పక్కనే పెనుకొండలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి, అందులో మన తండావాళ్లు ఎందరు, ఏ పనిలో? పేర్లు బయటపెట్టకుండా మొత్తాలు మాత్రం గ్రామసభలో చదవండి. తప్పుంటే తండా పెద్దలే అక్కడికక్కడ సరిదిద్దుతారు.

ఆ నోటుపుస్తకం రాసిన చేతులు తర్వాత ఏ దేశానికైనా వెళ్లొచ్చు.