పడ్డచోటు వెతికేవాళ్లు

విశాఖపట్నం మద్దిలపాలెంలో ఏ మేడ మీదైనా సరే, 19 సెంటీమీటర్ల రాగితీగను నిలువుగా నిలబెట్టి, దాని అడుగున మరో నాలుగు తీగలు గొడుగు ఊచల్లా వాల్చి కట్టి, వేలెడంత యూఎస్‌బీ రిసీవర్‌తో లాప్‌టాప్‌కు కలిపితే చాలు, ఆకాశంలోంచి ఒక చిన్న పెట్టె పంపే కబుర్లు అందుతాయి. వాతావరణ శాఖ వదిలే రేడియోసాండ్ అది. ప్రపంచమంతటా ఒకే వేళకు, మన లెక్కలో ఉదయం 5.30కి, సాయంత్రం 5.30కి, జరిగే పరిశీలనల కోసం దాన్ని బెలూన్‌కు కట్టి పంపుతారు. నిమిషానికి దాదాపు 300 మీటర్ల చొప్పున ఎక్కుతూ ఉష్ణోగ్రత, తేమ, తానున్న చోటు చెబుతూ పోతుంది. 30 కిలోమీటర్ల ఎత్తుకు చేరేసరికి బెలూన్ బాగా ఉబ్బి పగులుతుంది. పెట్టె రాలిపోతుంది.

శాఖకు కావలసిన లెక్కలన్నీ ఎక్కేటప్పుడే అందిపోతాయి కనుక, రాలిన పెట్టె కోసం మామూలుగా ఎవరూ బయల్దేరరు. ఇష్టంతో వెతికే వాలంటీర్లు బయల్దేరేది దానికోసమే.

ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో హామ్ (ఔత్సాహిక) రేడియో బృందం ఒకటి ప్రాజెక్ట్ హోరస్ పేరుతో సొంత బెలూన్లు ఎగరేసి, కార్లలో వెంటపడి తెచ్చుకుంటుంది. ఆ జట్టులోని మార్క్ జెసప్, ఆయన తోటివారు రాసిన ఉచిత ప్రోగ్రామ్‌తో ఇవాళ చాలా దేశాల్లో ఇళ్ల మీది రిసీవర్లు నడుస్తున్నాయి. అవి విన్నదంతా సోండ్‌హబ్ అనే ఒకే పటం మీదికి చేరుతుంది. ఒకరి చెవికి అందకుండా పోయిన చోట ఇంకొకరు అందుకుంటారు. ముఖపరిచయం లేనివారి మధ్య ఇంత నమ్మకంగా సాగే పని అరుదు.

ఇలా వెతికే జట్టులో చేరేవారికి రేడియో కంటే ముందు గాలిని చదవడం రావాలి. విశాఖలో అయితే మరీను. చలికాలంలో పైగాలులు పడమటి నుంచి బలంగా వీస్తాయి. అప్పుడు వదిలిన పెట్టె చాలావరకు బంగాళాఖాతం పాలే. నైరుతి రుతుపవనాలు వచ్చాక వరస మారుతుంది. కింది ఐదారు కిలోమీటర్లలో పడమటి గాలి పెట్టెను సముద్రం మీదికి తోస్తే, ఆపైన తూర్పుగాలి అందుకుని మళ్లీ నేల మీదికి తెస్తుంది. ఎంతో ఎత్తున ఉరవడిగా సాగే ఆ తూర్పు జెట్ ప్రవాహాన్ని లోకానికి వివరంగా చెప్పినవాడు పి. కోటేశ్వరం, తెలుగువాడు. 1958లో టెల్లస్ పత్రికలో వచ్చిన ఆయన వ్యాసాన్ని రుతుపవనాల మీద రాసేవారు ఇప్పటికీ ప్రస్తావిస్తారు. తర్వాత ఆయన భారత వాతావరణ శాఖకే అధిపతి అయ్యారు. ఇలా బెలూన్లతో కొలిచిన గాలుల లెక్కలే అలాంటి పరిశోధనకు ఆధారం.

అంటే ఉత్తరాంధ్రలో పెట్టె నేల మీద దొరికే కాలం వానాకాలమే. నాట్లు పడిన మళ్లు, నిండుగా పారే గెడ్డలు, దారి కనపడని కొండ పొదలు. వెతికేవారికి అంతకంటే కష్టకాలం లేదు.

30 కిలోమీటర్ల ఎత్తున్న పెట్టె, లెక్కప్రకారం, 600 కిలోమీటర్ల అవతలికి కూడా కనుచూపులోనే ఉంటుంది. హైదరాబాద్ మీద ఎగిరేది సైతం విశాఖ దిగ్మండలానికి పైనే ఉన్నట్టు. చిక్కంతా దిగేటప్పుడే. 100 కిలోమీటర్ల దూరంలో అది 800 మీటర్ల కంటే కిందికి వచ్చిందంటే, నేల చదునుగా ఉన్నా మేడ మీది తీగకు మాట అందడం కష్టం. మధ్యలో తూర్పు కనుమలుంటే ఇంకా ముందే తెగిపోతుంది. ఆ చివరి 800 మీటర్లు సెకనుకు 5 మీటర్ల చొప్పున దిగిందనుకుంటే 160 సెకన్లు పడుతుంది. సెకనుకు 5 మీటర్ల గాలి ఉన్నా ఆలోగా మరో 800 మీటర్లు పక్కకు జరుగుతుంది. పటం మీద చివరి చుక్క ఉన్నచోట పెట్టె ఉండదన్నది అందుకే.

ఆపైన కాళ్లకే పని. పీవీసీ పైపు మీద స్టీలు టేపు ముక్కలు బిగించి చేసిన యాంటెన్నాను చుట్టూ తిప్పి, మోత ఎటు గట్టిగా ఉందో అటు నడవాలి. అదీ లేకపోతే చేతి రిసీవర్‌ను రొమ్ముకు ఆనించుకుని నిలబడ్డచోటే నెమ్మదిగా ఒక చుట్టు తిరగాలి. ఒళ్లే అడ్డమై మోత బాగా తగ్గిన క్షణాన పెట్టె వీపు వెనక ఉన్నట్టు లెక్క. బ్యాటరీలు నేల మీద పడ్డాక కొన్ని గంటలే పనిచేస్తాయి.

పడ్డదాన్ని తెచ్చుకోవడం ఎంత విలువైనదో హైదరాబాద్‌లోని టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్) బెలూన్ కేంద్రం చెబుతుంది. 2005 ఏప్రిల్‌లో అక్కడి నుంచి 459 కిలోల పరికరం పైకి వెళ్లింది. అందులోని స్టీలు గొట్టాలు 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తుల మధ్య గాలిని పట్టుకుని పారాచూట్ మీద దిగాయి. ఆ గాలిలోంచి మూడు కొత్త బ్యాక్టీరియా జాతులు బయటపడినట్టు 2009లో ఇస్రో ప్రకటించింది. గొట్టాలు దొరక్కపోయి ఉంటే ఆ ప్రయోగం మొత్తం శూన్యం.

ఆ కేంద్రం ప్రయోగాలకు ముందు పత్రికల్లో ప్రకటన ఇస్తుంది. విశాఖపట్నం–హైదరాబాద్–షోలాపూర్ గీత పరిసరాల్లో పరికరాలు దిగవచ్చు, కొన్నింటిలో హై వోల్టేజి ఉంటుంది, విప్పవద్దు, పోలీసులకు చెప్పండి అని. అయినా 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్ల పొలాల్లో ఒక పెద్ద గుండ్రటి వస్తువు దిగితే ఊరూరి జనం తరలివచ్చారు. అంతరిక్ష పర్యాటకం కోసం హాలో స్పేస్ అనే స్పెయిన్ సంస్థ ఆ కేంద్రం నుంచే చేసిన పరీక్ష అది. చేలో కనిపించిన వింత వస్తువును చూసి జడుసుకోవడంలో తప్పేమీ లేదు. వెతికే జట్టులో ఊరివాళ్లతో కూర్చుని, పొలం రైతు అనుమతి అడిగి, ఇది ఏమిటో విప్పి చెప్పగలవాడు ఒకడు తప్పనిసరిగా ఉండాలి. యాంటెన్నా పట్టేవాడితో సమానంగా ముఖ్యుడు అతడు.

విశాఖ గగనతలం నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ డేగ అధీనంలో ఉంటుంది. ప్రాజెక్ట్ హోరస్ లాగా సొంత బెలూన్లు వదలాలంటే ముందు అనుమతులు కావాలి. వాటికి కట్టే ట్రాకర్ హామ్ బ్యాండ్‌లో మాట్లాడాలంటే టెలికమ్యూనికేషన్ల శాఖ పరీక్ష పాసై లైసెన్సు తీసుకోవాలి. 12 ఏళ్లు నిండినవారు ఆ పరీక్ష రాయవచ్చు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ శాస్త్రం, ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలు కొందరు మద్దిలపాలెం మేడల మీదే అద్దెకుంటారు. వాళ్లలో ఒకరు ఇక్కడ, ఒకరు విజయనగరంలో, మరొకరు అరకు కొండ మీద రిసీవర్లు పెడితే కనుమల చాటున పోయే చివరి మాటల్లో చాలావరకు చిక్కుతాయి. ముందు పెట్టవలసింది అరకులో.