జమ్మి చెట్టు మీద దాచుకున్నవి

దసరా సాయంత్రం. జనగామ దాటాక మా ఊరు, ఊరు దాటాక పత్తి చేలు, ఆ చేల గట్టు మీద జమ్మి చెట్టు. పూజ అయిపోయింది. డప్పుల మోత ఊరివైపు మళ్లింది. ఎవరికి అందిన రెమ్మ వాళ్లు తెంపుకున్నారు, కింది కొమ్మలు బోసిగా ఉన్నాయి. పాలపిట్ట కనిపించిందని పిల్లలు ఒకటే అరుపులు. ఆ సందట్లోంచి ఒకడు వచ్చి నా ముందు నిలబడతాడు. అంగీ జేబులోంచి గుప్పెడు ఆకు తీసి, నా చెయ్యి లాక్కుని, వేళ్లు విప్పి, అరచేతిలో పోసి, తన రెండు చేతులతో మూసేస్తాడు.

"బంగారం పట్టురా."

అంతే. ఆ తర్వాత అలయ్ బలయ్. వాడి కొత్త అంగీ గంజివాసన, దాని కింద పాత చెమట వాసన నా భుజానికి అంటుకుంటాయి.

జమ్మి ఆకును ఎప్పుడైనా దగ్గరగా చూశారా? ఆకు అనడానికే లేదు. సన్నటి ఈనెకు రెండు వైపులా వడ్లగింజంత రెక్కలు. గుప్పిట్లో బరువే తెలియదు. చెమటకు తడిసి అరచేతి గీతల్లో అతుక్కుపోతుంది. ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాక కూడా వేలి సందున ఒకటి మిగిలే ఉంటుంది. దాన్ని బంగారం అని తొలిసారి ఎవరన్నారో కానీ, వాళ్లకు మనుషులు బాగా తెలుసు.

సోపతీ! ఉర్దూ సోహబత్ మా నోళ్లలో నలిగి నలిగి మెత్తనై, మా ఇంటి మాటైపోయిన సోపతీ! నీ మీద నేను పాడగలిగిన పాట ఏదన్నా ఉంటే అది ఆ ఒక్క 'రా' దగ్గరే మొదలవుతుంది.

నన్ను 'రా' అని పిలిచేవాళ్లు ఒకప్పుడు ఊరినిండా ఉండేవాళ్లు. అమ్మ, బాపు, పెద్దబాపు, బడిలో పంతుళ్లు, తాళ్ల దగ్గర కల్లు దింపే గౌడ తాత, బావి కాడ నీళ్లు చేదే ముసలమ్మలు. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. హైదరాబాదులో నేను సార్‌ను. పక్కింటి పిల్లలకు అంకుల్‌ను. కోడలికి మామయ్యను. కొడుకు స్నేహితులకు గారును. ఇన్ని పిలుపులు వచ్చి చేరుతున్నప్పుడు ఒక్క పిలుపు ఎప్పుడు పలచబడిందో గమనించనే లేదు. బాపు పోయిన ఏడాది లెక్కేసుకుంటే, నన్ను 'రా' అని పిలవగల గొంతులు ఈ భూమ్మీద నాలుగు మిగిలాయి. ఇప్పుడు ఒకటి.

ఆ గొంతులో ఏమేం ఉన్నాయో చెప్పనా? మా బాపు గొంతు ఉంది. సాయంత్రం గడపలో నిలబడి బాపు నన్ను పిలిచిన పిలుపు ఉంది. "బర్లు ఇంటికొచ్చినయ్, నువ్వెప్పుడొస్తవ్‌రా!" అనేవాడు. 'బర్లు' దగ్గర చిన్న దగ్గు, 'వస్తవ్‌రా' దగ్గర కోపంలా వినిపించే ప్రేమ. బాపు గొంతును ఎవరమూ రికార్డు చేసి పెట్టుకోలేదు. ఆ దగ్గు నుంచి ఆ సాగదీత దాకా చెక్కుచెదరకుండా నా సోపతిగాడి గొంతులో ఉంది. ఏడాదికి ఒక్కసారి, చీకటి పడ్డాక, గట్టు మీద కూర్చున్నప్పుడు, అడక్కుండానే వాడు ఆ పిలుపు పిలుస్తాడు. నేను చేల వైపు తిరిగి కూర్చుంటాను. వాడూ ఏమీ అనడు.

పాండవులు అజ్ఞాతవాసానికి పోయేముందు ఆయుధాలు మూటగట్టి జమ్మి చెట్టు మీద పెట్టారు. ఎవరూ దగ్గరికి రాకుండా శవంలా చుట్టి మరీ పెట్టారు. ఆ తర్వాత మారుపేర్లతో విరాటుడి కొలువు. ధర్మరాజు కంకుభట్టు, భీముడు వంటవాడు, అర్జునుడు బృహన్నల. ఏడాది గడిచి, ఉత్తరుణ్ణి చెట్టెక్కించి మూట దించితే గాండీవం గాండీవంలాగే ఉంది. చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడల్లా నా చూపంతా ఆయుధాల మీదే ఉండేది. ఇప్పుడు చెట్టు మీద ఉంటుంది. ఏడాది పాటు వానకూ ఎండకూ ఓర్చి, ఎవరిదో మూట మోస్తూ, ఎవరికీ చెప్పకుండా నిలబడ్డ చెట్టు. మనం పొట్ట చేతపట్టుకుని ఏదో ఒక కొలువుకు పోతాం. ఏదో ఒక పేరు పెట్టుకుంటాం. మన అసలు పేరు మోస్తూ ఊరి పొలిమేరలో ఒకడు నిలబడి ఉంటాడు.

కానీ చెట్టుకైనా ఏడాదికోసారి పూజ ఉంది. పాత స్నేహం రాయిలాంటిది, పట్టించుకోకపోయినా పడుంటుంది అనుకున్నాను నేను. తప్పు. నా సోపతిగాడి నాయిన పోయినప్పుడు నేను వెళ్లలేదు. ఆఫీసు పని అనుకున్నాను. దినాలకు పోదాంలే అనుకున్నాను, దినాలకూ పోలేదు. చిన్నప్పుడు ఆ నాయిన భుజం మీద కూర్చుని బోనాలు చూసినవాణ్ణి నేను. వాడు ఒక్క మాట అనలేదు. ఒక్క మాట మాట్లాడలేదు కూడా. నాలుగు దసరాలు అలా గడిచాయి. ఒకే చెట్టు కింద ఇటు నేను, అటు వాడు. మా మధ్య ఊరంతా ఒకరి చేతిలో ఒకరు బంగారం పెట్టుకుంటూ ఉంది.

అయిదో దసరాకు నేనే ఆకు పట్టుకుని వాడి ఇంటికి వెళ్లాను. వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. చెయ్యి చాపాను. వాడు నా చేతిలో ఆకును చూశాడు. చాలాసేపు చూశాడు. చెయ్యి మాత్రం చాపలేదు. తర్వాత తల లోపలికి తిప్పి అన్నాడు, "మొదలు నాయినకు వెట్టుపో."

లోపల గోడకు ఫొటో. పటం అంచు మీద దుమ్ము లేదు, రోజూ తుడుస్తున్నట్టుంది. నా గుప్పిట్లో ఆకు సగం పటం అంచున పెట్టాను. చేతులు వణికి రెండు రెక్కలు కింద రాలాయి. వంగి ఏరి మళ్లీ పెట్టాను. వెనక్కి తిరిగితే గుమ్మంలో వాడు, చెయ్యి చాపి.

ఆ రోజు నుంచి నేను ఒక్క దసరా తప్పలేదు.

'కొత్త ఒక వింత, పాత ఒక రోత' అని మనలో సామెత ఉంది. రుచించనిదాన్ని పాత చింతకాయ పచ్చడి అని తీసిపారేయడమూ ఉంది. ఆ మాట అన్నవాళ్లకు ఎప్పుడూ జ్వరం తగలలేదేమో! మా ఇంట్లో జ్వరం తగ్గినవాళ్లకు మా అమ్మ మొదట పెట్టే ముద్ద పాత చింతకాయ తొక్కుతోనే. జాడీ అడుగున నల్లబడ్డ తొక్కు, వేడన్నం. చేదెక్కిన నాలుక మీద అది పడగానే లోకం రుచి తిరిగొచ్చేది. అలాగని ఉగాది పచ్చడిలో పాత చింతపండు వెయ్యరు. దానికి కొత్తదే కావాలి, కొత్త బెల్లమే కావాలి.

స్నేహంలోనూ పాతా కావాలి, కొత్తా కావాలి. అలా అనుకున్నప్పుడల్లా దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి గుర్తుకొస్తారు నాకు. చర్ల బ్రహ్మయ్య శాస్త్రి దగ్గర చదువుకుంటూ జతపడ్డ ఇద్దరు కుర్రవాళ్లు. కలిసి అవధానాలు చేశారు, కలిసి సంస్థానాలు తిరిగారు, పల్లెపల్లెనా మోగిన పాండవ నాటకాలు కలిసి రాశారు. 1920లో తిరుపతి శాస్త్రి పోయారు. వేంకట శాస్త్రి పోయింది 1950లో. ఆ మధ్య ముప్పై ఏళ్లు. ఆ ముప్పై ఏళ్లలో తానొక్కరే రాసినవాటికి కూడా ఆయన జంటపేరే పెట్టారు. తిరుపతి వేంకటకవులు. కలం పట్టిన ప్రతిసారీ పక్కన ఖాళీ అయిన చోటును చూస్తూ, అక్కడ మిత్రుడి పేరు ముందు రాసి, ఆ తర్వాతే తన పేరు రాసుకోవడం! ఇంతకంటే పెద్ద స్తోత్రం స్నేహానికి తెలుగులో నాకు తెలియదు. ఆ ముప్పై ఏళ్లలో ఆయన తలుపు మూసుకుని కూర్చోలేదు కూడా. ఆయన శిష్యుణ్ణని చెప్పుకునే భాగ్యం కోసం ఒక తరం కవులు ఆయన చుట్టూ చేరారు. వాళ్లందరి మధ్యా కూర్చుని, పోయినవాడి పేరు మోశారు.

నాకూ ఈ వయసులో ఒక కొత్త స్నేహం దొరికింది. శ్రీకాకుళం వైపు మనిషి. ఉప్పల్లో మా కాలనీ పార్కులో కలిశారు. అమ్మ పోయిన నెల అది. బెంచీ మీద కూర్చుని ఉంటే పక్కన వచ్చి కూర్చున్నారు. ఏమీ అడగలేదు. నేను లేచి నడిస్తే నడిచారు. మర్నాడూ నడిచారు. పదో రోజో పదకొండో రోజో, నేనే చెప్పడం మొదలుపెట్టాను.

చెప్పడం! పాత స్నేహితుడి దగ్గర నేను ఎప్పుడూ చెయ్యని పని అది. వాడికి అన్నీ తెలుసు కదా, ఇంకేం చెప్పాలి? ఈయనకేమో మా అమ్మ ఎవరో తెలియదు, మా ఊరు ఎటువైపో తెలియదు. అమ్మ ఎట్లా ఉండేదో, ముక్కుపుడక ఎటుపక్కన పెట్టుకునేదో, పాట సగంలో మరిచిపోతే ఎలా నవ్వేదో ఒక్కొక్కటీ మొదటినుంచి చెప్పాల్సి వచ్చింది. చెబుతూ చెబుతూ నేనే మా అమ్మను మొదటిసారి పూర్తిగా చూశాను. తెలియనివాడు పక్కన కూర్చుని "ఆఁ, తర్వాతండీ?" అనకపోతే అదంతా నాలోనే మూటగట్టి ఉండిపోయేది.

ఆయన నన్ను మీరు అంటారు, నేనూ మీరు అంటాను. ఇద్దరికీ అరవై దగ్గరపడుతున్నాయి, ఇక ఈ 'మీరు' మారదు. మారనక్కర్లేదు. ఒకరోజు ఆయనే చెప్పారు, "మా వైపు నేస్తం కట్టుకుంటారండీ. బట్టలు పెట్టుకుని నేస్తరికం కలుపుకున్నారంటే, ఇక పండక్కైనా పెళ్లికైనా రాకపోకలు అచ్చం చుట్టాల్లాగే." నేస్తం కట్టడం! ఎంత గొప్ప మాట. ఇల్లు కట్టినట్టు, తాళి కట్టినట్టు, మూట కట్టినట్టు.

విరాటుడూ అంతే కదా. మారువేషాల్లో వచ్చినవాళ్లను పనివాళ్లనుకున్నాడు, చివరికి కూతురినిచ్చి వియ్యమందాడు, వాళ్ల కోసం కురుక్షేత్రంలో ప్రాణమిచ్చాడు. చెట్టు ఆయుధాలు దాచిందనే చెప్పుకుంటాం, ఆ ఏడాది అన్నం పెట్టిన కొలువును మరిచిపోతాం. అయినా నన్ను నిలదీసి అడిగితే నా చెయ్యి ముందు చెట్టువైపే పోతుంది. అది దాచను.

మొన్న దసరాకు ఆయన్ను మా ఊరు తీసుకెళ్లాను. జమ్మి చెట్టు కింద మావాడు కొంచెం బెరుకుగా నిలబడ్డాడు, అంగీ సర్దుకున్నాడు. తర్వాత గుప్పెడు ఆకు తీసి ఆయన చేతిలో పోసి, "బంగారం తీస్కోండ్రి సారూ" అన్నాడు. కాసేపాగి, ఆయన్నీ అలయ్ బలయ్‌లోకి లాక్కున్నాడు.

రాత్రి తిరుగు బస్సు. ఆయన కిటికీ పక్క సీట్లో కూర్చుని, గుప్పిట విప్పలేదు. "మా ఆవిడకు చూపిస్తానండీ" అన్నారు. భువనగిరి దాటుతుండగా నా ఫోన్ మోగింది.

"యాడిదాంక పోయిండ్రురా?"

"భువనగిరి దాటినం."

"ఆ సారుకు మంచిగనిపించిందా మనూరు?"

ఆయన కిటికీలోంచి చీకట్లోకి చూస్తున్నారు. ఫోన్ ఆయన చేతికిచ్చాను. ఆకు జారిపోకుండా ఎడమ గుప్పిట బిగించి, కుడిచేత్తో అందుకున్నారు.