ఇంకో వేలు పెట్టవ్వా

కమలాపురం చుట్టుపక్కల పాపాఘ్ని, పెన్నా ఒడ్డు పల్లెల్లో కొడవలి, పార పట్టి బతికిన అవ్వల వేలిముద్రలు ఎప్పుడో అరిగిపోయాయి. పెన్షన్ మిషన్‌కు మాత్రం ముద్ర కావాల. గ్రామ వలంటీర్ల పనితనమంతా నేను చూసింది అక్కడే. తడిగుడ్డతో వేలు తుడిచి, "ఇంగో ఏలు పెట్టవ్వా" అని బతిమాలి, అదీ కుదరకపోతే కంటిపాప చూపించమని, విసుగు లేకుండా మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. ఆ తర్వాత లెక్క చేతిలో పెట్టి, వినబడేలా ఒక్కో నోటూ ఎంచేవాళ్లు. చూపు ఆనని మనిషికి అంతకు మించిన మర్యాద ఏముంది?

2019 ఆగస్టు 15న మొదలైన వ్యవస్థ ఆ వలంటీర్లది. పల్లెల్లో సుమారు 50 ఇళ్లకు ఒకరు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం. 2020 ఫిబ్రవరి నుంచి పెన్షన్ గడప దగ్గరికే వచ్చింది. పైకం ఇచ్చాక కూడా కాసేపు నిలబడి, మాత్రలు వేసుకున్నావా అని అడిగిన పిల్లలున్నారు. ఆ మాట ఏ జీవోలోనూ లేదు.

2024 ఎన్నికల వేళ వాళ్లను పంపిణీకి దూరం పెట్టారు. అదే ఏడాది జులై నుంచి సచివాలయ ఉద్యోగులు పెన్షన్ పట్టుకుని ఇళ్లకు వెళ్తున్నారు. అవ్వల పెన్షన్ 4,000 రూపాయలైంది.