ఎనిమిది వాట్లు చాలవా?

వాల్వు సెట్లకి మళ్ళీ గిరాకీ వచ్చింది. అమలాపురంలో, భీమవరంలో, రాజమండ్రిలో ఏ హాల్లోకి వెళ్ళినా టీవీ పక్కన గాజుబుడ్లు ఎర్రగా వెలుగుతున్న ఆంప్లిఫయరు ఒకటి కనబడే రోజులొచ్చేలా ఉన్నాయి. హైదరాబాదు నుంచో అమెరికా నుంచో అబ్బాయి పంపించి ఉంటాడు. దాని వెంటే బొటనవేలు లావున స్పీకరు తీగలూ దిగుతున్నాయి. వాటి ధర విన్నప్పుడల్లా నాకు మన మైకుసెట్ల వాళ్ళు గుర్తొస్తారు. తీగతో నిజంగా బాధపడ్డది వాళ్ళే మరి.

అంతర్వేది తీర్థమైనా, ఊళ్ళో నవమి పందిరైనా ఆంప్లిఫయరు ఒకచోట, కొబ్బరిచెట్లకి కట్టిన హారన్లు ఊరికి అటు చివరా ఇటు చివరా. మధ్యలో తీగ ఫర్లాంగుల లెక్కన నడవాలి. మామూలు ఎనిమిది ఓమ్‌ల స్పీకరుకి అంత దూరం సన్నతీగ లాగితే ఆంప్లిఫయరు ఇచ్చినదాంట్లో సగానికి పైగా దారిలోనే వేడిగా పోతుంది. దానికి వాళ్ళు ఖరీదైన తీగ కొనలేదు. ఆంప్లిఫయరులోని ట్రాన్స్‌ఫార్మరుతో వోల్టేజిని వంద దాకా పెంచి పంపి, హారను దగ్గర ఇంకో ట్రాన్స్‌ఫార్మరుతో దించుకున్నారు. వోల్టేజి పెరిగితే అదే పనికి తక్కువ కరెంటు చాలు. కరెంటు తగ్గితే తీగలో పోయేదీ తగ్గుతుంది. సీలేరులో పుట్టిన కరెంటు అన్ని కొండలు దాటి మనదాకా వచ్చేదీ ఈ లెక్క మీదే. పదో తరగతి దాటని ఆపరేటర్లు ఆ పని అలవోకగా చేసేవారు. ఇప్పుడు ఇంజనీరింగు చదివినవాళ్ళు నాలుగు గజాల దూరానికి వేలు పోసి తీగ కొంటున్నారు.

నాలుగు గజాల సంగతే చూద్దాం. ఇంటి వైరింగుకి వాడే రెండున్నర స్క్వేర్ ఎంఎం రాగితీగ కరెంటుకి కిలోమీటరుకి సుమారు ఏడున్నర ఓమ్‌ల అడ్డు చూపిస్తుంది. స్పీకరు ఐదు మీటర్ల దూరంలో ఉంటే పోనూ రానూ పది మీటర్లు. అంటే ఓమ్‌లో పదోవంతు కూడా లేదు. స్పీకరు లోపల వెంట్రుక లాంటి తీగచుట్టే ఆరు ఓమ్‌ల దాకా ఉంటుంది. వాల్వు ఆంప్లిఫయరు అవుట్‌పుట్‌లో సహజంగా ఉండే అడ్డే ఒకటి రెండు ఓమ్‌లు ఉండొచ్చు. వీటి మధ్య పదోవంతు ఓమ్ ఏ మూలకి? ఇక వెండి తీగలంటారా, వెండి రాగికన్నా కరెంటుని ఆరు శాతం మెరుగ్గా మోస్తుంది. అంతే. ఆ ఆరు శాతాన్ని చెవితో పట్టగలిగినవాళ్ళకి నా నమస్కారం.

అసలు జత కుదరాల్సింది స్పీకరుకీ ఆంప్లిఫయరుకీ. అక్కడ తేడా వస్తే ఏ తీగా ఆదుకోదు.

రాజమండ్రి మెయిన్ రోడ్డు వెనక సందులో ఇంకా వాల్వు సెట్లు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. ఓ సాయంత్రం ఆయన బల్ల దగ్గర కూర్చుని ఉంటే, స్పీకరు చంకన పెట్టుకుని ఒకబ్బాయి వచ్చాడు. "బాబాయ్, చూడండి, ఎనిమిది ఓమ్‌లని రాసి అమ్మాడండి. మీటరు పెడితే ఆరు చూపిస్తందండి. ముంచేశాడండి" అన్నాడు. పెద్దాయన టంకం పెట్టే ఇనుము స్టాండులో ఆనించి, అట్టకోనుని రెండు బొటనవేళ్ళతో మెల్లగా లోపలికి నొక్కి చూశారు. గీరుకోవడం లేదు. "మీటరు చూసేది ఉత్త తీగని బాబూ. పాట పోతున్నప్పుడు దీని లెక్క ఒకచోట ఉండదు. ఓ స్వరం దగ్గర ఆరేడుకి దిగుద్ది, ఇంకో స్వరం దగ్గర పాతికకి ఎక్కుద్ది. ఎనిమిదని రాసింది పేరుకే" అన్నారు. అబ్బాయికి సగం నమ్మకం కుదిరినట్టే ఉంది.

ఆ ఒక్క మాటలో చాలా ఉంది. ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరు ఈ ఎక్కడం దిగడాలని అంతగా పట్టించుకోదు. వాల్వుది పట్టించుకుంటుంది. అందుకే ఒకే ఆంప్లిఫయరు ఒక స్పీకరుతో తియ్యగా, ఇంకో స్పీకరుతో బొంగురుగా పలుకుతుంది. ఆంప్లిఫయరు వెనకాల స్పీకరు తీగలు బిగించే మరల పక్కన 4, 8, 16 అని రాసి ఉండేది అలంకారానికి కాదు. ఎనిమిది ఓమ్‌ల స్పీకరుని ఎనిమిది దగ్గరే కలపండి. మృదంగం దెబ్బ సాగిపోయి కలగాపులగంగా వినబడుతుంటే నాలుగు దగ్గర కలిపి చూడండి. పవరు కొంత తగ్గుతుంది కాని కోను మీద పట్టు పెరుగుతుంది. నాలుగు ఓమ్‌ల స్పీకరుని పదహారు దగ్గర మాత్రం కలపొద్దు. వాల్వు మీద భారం పడి ఆయుష్షు తగ్గుతుంది.

స్పీకరుకి ఓమ్‌ల తరవాత చూడాల్సిన రెండో అంకె డెసిబెల్లు. స్పీకరుకి ఒక వాటు ఇచ్చి మీటరు దూరంలో కొలిచిన మోత అది. మూడు డెసిబెల్లు ఎక్కువున్న స్పీకరుకి సగం పవరు చాలు. 87 ఉన్న స్పీకరుకి 64 వాట్లు కావలసినచోట 96 ఉన్నదానికి ఎనిమిది వాట్లు సరిపోతాయి. అమెరికాలో వెస్ట్రన్ ఎలక్ట్రిక్ వాళ్ళు చిన్న సినిమా హాళ్ళకి చేసిన ఆంప్లిఫయరు ఎనిమిది వాట్లదే. ఇక్కడ నిడమర్తి సూరయ్యగారు రాజమండ్రిలో దుర్గా సినీటోన్ స్టూడియో పెట్టిన 1936 నాటి ముచ్చట ఇది. ఆ హాళ్ళలో అన్ని వందలమందికి సరిపోయింది వాట్ల వల్ల కాదు, తెర వెనక పెట్టిన పెద్ద హారన్ల వల్ల. మన వాళ్ళు మాత్రం ముందు ముచ్చటపడి ఎనిమిది వాట్ల ఆంప్లిఫయరు కొంటారు, తరవాత 85 డెసిబెల్ల సన్నపాటి స్పీకర్లు తగిలిస్తారు. చిట్టిబాబు వీణ మంద్రస్థాయికి దిగేసరికి గొంతు పట్టేస్తుంది. తప్పు తీగదని ఎవరో చెబుతారు. ఇంకో బేరం తెగుతుంది.

ఇంటి సంగతి కూడా చెప్పాలి. పాత మండువా లోగిళ్ళలో పెంకు కప్పు, నడిమి ఆకాశం, ఓ మూల ధాన్యం బస్తాలు, ఇంకో మూల బూరుగుదూది పరుపుల చుట్టలు. శబ్దం గోడకి కొట్టుకుని తిరిగొచ్చేది తక్కువ. అందులో బాలమురళి పాడుతుంటే ఎదురుగా ఉన్నట్టే ఉండేది. ఆయనదీ మన శంకరగుప్తమే కదా. ఇప్పటి శ్లాబు ఇంట్లో కింద గ్రానైటు, పక్కన అద్దాల తలుపులు. చప్పట్లు కొడితే గింగురుమంటుంది. తీగకి పెట్టే డబ్బులో పదోవంతుతో ఓ మందపాటి జంబుఖానా, రెండు బరువైన కర్టెన్లు కొంటే వచ్చే తేడా పక్కింటివాళ్ళకి కూడా తెలుస్తుంది.

తీగ ఖర్చు అసలే వద్దని నేననను. డెల్టాలో తీగకి శత్రువు ఉప్పుగాలి. సముద్రం దగ్గర ఊళ్ళలో ఏడాది తిరిగేసరికి రాగి కొసలకి చిలుము పడుతుంది. కొస కత్తిరించి, కొత్త రాగి బయటపెట్టి, టంకం పూసి బిగించుకుంటే చాలు. ప్లేయరు నుంచి ఆంప్లిఫయరుకి వెళ్ళే సన్న తీగ సంగతి వేరు. అందులో వెళ్ళేది వోల్టో రెండో, లేదా అంతకంటే తక్కువ. కరెంటు తీగ పక్కనే నడిపితే గుయ్‌మని హమ్ము పట్టుకుంటుంది. దానికి మంచి కవచం ఉన్న తీగ వాడండి. ఎర్తు కూడా చూడండి. నాలుగడుగులు తవ్వితే నీళ్ళూరే నేలలో ఎర్తుకి కరువేమిటి? అయినా సగం ఇళ్ళలో ప్లగ్గు మూడోకాలు ఉత్తుత్తిదే.

ఇంకొకటి, వోల్టేజి. రొయ్యల చెరువుల ఏరేటర్లు తిరిగే ఊళ్ళలో రాత్రి వోల్టేజి పడిపోవడం, తెల్లారేసరికి ఎగిరిపోవడం కొత్తేం కాదు. వాల్వు లోపలి ఫిలమెంటు మామూలుగా 6.3 వోల్టులకి చేసింది. ఎక్కువైతే త్వరగా కాలిపోతుంది, మరీ తక్కువైతే వాల్వు బలం తగ్గుతుంది. బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌లో 1961 నుంచి మన వాల్వులు మనమే చేసుకున్న రోజులు పోయాయి. ఇప్పుడు రష్యా నుంచో చైనా నుంచో స్లొవేకియా నుంచో రావాలి. మంచి స్టెబిలైజరు ఒక్కటి కొనండి, వాల్వుల ఖర్చు తప్పుతుంది.

చివరగా ఒక హెచ్చరిక. స్పీకరు కలపకుండా వాల్వు ఆంప్లిఫయరు ఆన్ చేసి పాట పెట్టకండి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు లోపల నిప్పురవ్వ లేస్తే దాని ప్రాణం పోతుంది. స్విచ్చి కట్టేశాం కదా అని మూత విప్పి వేలు పెట్టకండి. లోపలి కండెన్సర్లలో మూడు నాలుగు వందల వోల్టులు చాలాసేపు నిలవుంటాయి.