ఉప్పు ముందు, పెరుగు తర్వాత

ముక్క ఎంత ఎర్రగా ఉంటే మసాలా అంత బాగా పట్టిందని మనలో చాలామంది నమ్మకం. బల్ల మీదికి వచ్చిన తందూరీ కాలును ఎముక దాకా చీల్చి చూడండి. పైన పలుచని ఎర్రటి పొర కనిపిస్తుంది, దాని కింద ఉన్నదంతా తెల్లటి మాంసం. ఆ తెల్లటి భాగాన్ని మాత్రమే తీసి, చట్నీ అద్దకుండా, ఉల్లిపాయ కొరక్కుండా నోట్లో వేసుకోండి. చప్పగా, పిప్పిలా ఉంటే వండినవాళ్లు రంగు పూశారు, మసాలా పట్టించలేదు. తగినంత ఉప్పు తగిలి, వెల్లుల్లి వాసన లీలగా తెలుస్తూ, నములుతుంటే రసం ఊరితే మాత్రం ఆ చేతికి పని వచ్చు. నిప్పుల మీద కాల్చిన కోడి రుచిని తూచాల్సింది ఈ తెల్లటి భాగంతోనే.

మసాలా పట్టించడంలో ముందుగా ఒప్పుకోవాల్సిన నిజం ఒకటుంది. మనం కలిపే దినుసుల్లో చాలావరకు లోపలికి దిగవు. కోడిమాంసంలో దాదాపు మూడు వంతులు నీళ్లే. మిరప కారం, పసుపు, లవంగం, యాలకుల ఘుమఘుమ నూనెలో కరిగే సరుకు. అందుకే రాత్రంతా నానబెట్టినా అవి పైపొరలో కొన్ని మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతాయి. ఆ గోడ దాటి గంట గంటకూ లోపలికి వెళ్లగలిగేది ముఖ్యంగా ఉప్పు. అది వెళ్లి మాంసంలోని కొన్ని ప్రొటీన్లను సడలిస్తుంది. సడలిన ప్రొటీన్లు వేడి తగిలినప్పుడు నీటిని పిండేసుకోకుండా పట్టి ఉంచుతాయి. కాల్చిన కోడి ఎండిపోకుండా ఉండాలంటే అసలు పని చేసేది ఇదే.

పెరూ దేశంలో ఇప్పుడు జాతీయ వంటకంగా చూసుకునే పోయో అ లా బ్రాసా కథ ఇక్కడ చెప్పుకోవాలి. రాజధాని లిమా శివార్లలో రోజర్ షూలర్ అనే స్విట్జర్లాండ్ దేశస్థుడు 1950ల్లో చువ్వకు గుచ్చిన కోళ్లను నిప్పుల మీద తిప్పుతూ కాల్చి అమ్మడం మొదలుపెట్టాడు. ఆయన వాడింది ఉప్పు ఒక్కటే. జీలకర్ర, వెల్లుల్లి, సోయా సాస్ వంటివి తర్వాతి తరాలవాళ్లు చేర్చుకున్నారు. ఉప్పూ నిప్పూ సరిగా కుదిరితే చాలు, ఒక దేశమంతా వరసకట్టి తింటుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మన దేశంలో ఈ విద్యను ఊరూరికీ చేర్చింది తందూరీ చికెన్. పెషావర్‌లోని మోతీ మహల్‌లో పనిచేసిన కుందన్‌లాల్ గుజ్రాల్ 1947 విభజన తర్వాత ఢిల్లీకి వచ్చి దరియాగంజ్‌లో అదే పేరుతో హోటల్ నడిపారు. అప్పటిదాకా ప్రధానంగా రొట్టెల పొయ్యిగా ఉన్న తందూరు అక్కడినుంచి కోడికి పొయ్యిగా పేరు తెచ్చుకుంది. ఆ వంటలో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించేది వరస. మసాలా ఒకేసారి కలపరు. రెండు విడతలుగా పట్టిస్తారు. ఇంట్లో చేసేవాళ్లు ఎక్కువగా వదిలేసేది సరిగ్గా దీన్నే.

మొదటి విడతకు ముందు కత్తి పని ఉంటుంది. తోలు మసాలాను అడ్డుకుంటుంది కాబట్టి తీసేస్తారు. తర్వాత కాలు మీద మూడు, తొడ మీద రెండు, రొమ్ము మీద మూడు గాట్లు పెడతారు. గాటు పైపైన గీసినట్టు ఉండకూడదు. కత్తి మొనకు ఎముక తగలాలి. కండ పోగులకు అడ్డంగా కోస్తే కాలేటప్పుడు గాటు విచ్చుకుంటుంది, మసాలాకు చోటు దొరుకుతుంది. ఇప్పుడు కిలో కోడికి రెండు చిన్న చెంచాల మెత్తటి ఉప్పు, ఒక నిమ్మకాయ రసం, రెండు పెద్ద చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద, ఒక చెంచా కారం. దీన్ని పైన పులిమి వదిలేస్తే లాభం లేదు. వేలితో ఒక్కో గాటులోకి తోసి, కండను మూసి, అరచేత్తో నొక్కాలి. అరగంట, మహా అయితే గంట. అంతకు మించి నిమ్మరసంలో ఉంచితే పైపొర తెల్లబడి సుద్దలా తయారవుతుంది. పులుపు ఎక్కువసేపు ఉంటే మాంసం మెత్తబడుతుందని అనుకుంటాం గానీ, అది పాడు చేసే మెత్తదనం.

ఇంట్లో తీరిక ఉన్నవాళ్లకు నేను ఇంకో మాట చెబుతాను. ఆ ఉప్పును ముందురోజు రాత్రే, నిమ్మరసం లేకుండా, ఉత్తిగా పట్టించి ఫ్రిజ్‌లో పెట్టండి. మొదట కోడి నీళ్లు వదులుతుంది, తర్వాత ఆ ఉప్పు నీటిలో కొంత తిరిగి తనలోకే తీసుకుంటుంది. పొద్దునకు ముక్క పైన తడి తగ్గి, చేతికి కాస్త జిగటగా తగులుతుంది. మిగిలిన మసాలా పట్టుకోవడానికి అంతకంటే మంచి సమయం లేదు.

రెండో విడతలో పెరుగు వస్తుంది. మనవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. గిన్నెలోంచి తీసిన పెరుగు తీసినట్టే కలిపేస్తారు. దాంట్లోని నీళ్లు మసాలాను జారుస్తాయి, నిప్పుల మీద కారి మంటను చంపుతాయి, ముక్క కాలాల్సింది పోయి ఉడుకుతుంది. అరకిలో కమ్మటి పెరుగును పలుచని గుడ్డలో మూటకట్టి రెండు మూడు గంటలు వేలాడదీస్తే సగానికి సగం గట్టి పెరుగు మిగులుతుంది. పుల్లబడిన పెరుగు వద్దు. ఈ గట్టి పెరుగులో పులుపు నెమ్మదైనది. పైపొరను మెత్తబరుస్తుంది తప్ప సుద్ద చేయదు. అందులోని వెన్న మసాలా వాసనల్ని పట్టి ఉంచుతుంది. పాలలోని చక్కెర, ప్రొటీన్లు వేడికి ఎర్రబడి ఆ కాలిన మచ్చల రుచినిస్తాయి. అన్నిటికంటే ముఖ్యంగా, ఎదురుగా తగిలే వేడికి కండ నేరుగా గురికాకుండా ఒక కవచంలా నిలుస్తుంది.

ఆ పెరుగులోకి వేయించిన శనగపిండి ఒక పెద్ద చెంచా వేస్తే పూత జారకుండా నిలబడుతుంది. ధనియాలు, జీలకర్ర, గరం మసాలా, చేత్తో నలిపిన కసూరి మేతి, చివరగా నూనె. పంజాబీ పద్ధతిలో పొగ వచ్చేదాకా కాచి చల్లార్చిన ఆవనూనె పోస్తారు. ఆ ఘాటు అలవాటు లేనివాళ్లు వేరుశనగ నూనె వాడుకోవచ్చు, రుచి మారుతుంది గానీ చెడదు. మసాలాల వాసన కరిగేది నూనెలోనే కాబట్టి నూనె మాత్రం మానకూడదు. ఇలా పట్టించాక నాలుగు నుంచి ఆరు గంటలు చాలు.

ఎరుపు సంగతి. కారం తక్కువ, రంగు ఎక్కువ ఉండే మిరప కోసం హోటళ్లవాళ్లు కాశ్మీరీ మిర్చి వెతుకుతారు. మన దగ్గరే వరంగల్ చపాటా మిరప ఉంది. పొట్టిగా, లావుగా ఉండి చూడ్డానికి టమాటాను తలపించే ఈ కాయ ముదురు ఎరుపుకూ తక్కువ కారానికీ పేరు పొందింది. 2025లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గుంటూరు కారం ఒక చెంచా ఘాటుకు, చపాటా పొడి రెండు పెద్ద చెంచాలు రంగుకు వేసి చూడండి. కాలిన తర్వాత వచ్చేది మెరిసే ఎరుపు కాదు, ఇటుక రంగు. ఆ ఇటుక రంగే నిజమైనది. కళ్లు జిగేల్‌మనిపించే ఎరుపు డబ్బాలోంచి వస్తుంది. 2024 జూన్‌లో కర్ణాటక ప్రభుత్వం కబాబ్‌లలో కృత్రిమ రంగులను నిషేధించింది. పరీక్షించిన నమూనాల్లో సన్‌సెట్ ఎల్లో, కార్మోయిసిన్ వంటి రంగులు బయటపడ్డాకే ఆ నిర్ణయం తీసుకున్నారు. మన బండ్ల దగ్గర కూడా గిరాకీ అడిగేది ఎరుపే అయినంత కాలం అమ్మేవాడు ఆ డబ్బా మూత తీస్తూనే ఉంటాడు. ఈ విషయంలో మారాల్సింది ముందు మనమే.

పచ్చి బొప్పాయి గురించి కూడా నా అభిప్రాయం గట్టిదే. హైదరాబాదీ వంటల్లో పత్తర్ కా గోష్త్‌కు, కచ్చే గోష్త్ బిర్యానీకి అది అవసరం. బొప్పాయిలోని పపైన్ ముదురు మటన్ పోగులను విడగొడుతుంది. పొయ్యి మీద ముక్క మెల్లగా వేడెక్కే సమయంలో దాని పని ఇంకా జోరందుకుంటుంది. ఫారం కోడి వయసు ఆరేడు వారాలు కూడా ఉండదు. అంత లేత మాంసానికి బొప్పాయి వేస్తే మిగిలేది ముద్ద. ముదురు నాటుకోడికి కావాలంటే చెంచాడు వేయండి, అదీ గంటకు మించకుండా.

నిప్పుల మీద మాంసం కాల్చడం దక్కనుకు కొత్త కాదు. కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేరు మీద 12వ శతాబ్దంలో వెలువడిన మానసోల్లాసంలో చువ్వలకు గుచ్చి కాల్చే మాంసం వంటలున్నాయి. నిజాం సైన్యంలో కొలువు కోసం యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బుల వారసులు హైదరాబాద్ బార్కస్‌లో ఇప్పటికీ ఉన్నారు. నగరంలో మందీతోపాటు ఈనాడు వీధివీధినా దొరుకుతున్న అల్‌ఫహమ్ కూడా అరబ్బుల బొగ్గుల వంటే. కోడిని వెన్ను వైపు చీల్చి బల్లపరుపుగా పరిచి, నిమ్మ, వెల్లుల్లి, మిరియాలు, జీలకర్ర పట్టించి ఇనుప జాలీలో బిగించి కాలుస్తారు. పరిచినందువల్ల మందం అంతటా ఒకేలా ఉండి, తొడా రొమ్మూ దాదాపు ఒకే వేళకు కాలుతాయి.

అరకులోనూ మారేడుమిల్లిలోనూ చేసే బొంగులో చికెన్ దగ్గర ఈ లెక్క మొత్తం తలకిందులవుతుంది. అక్కడ పెరుగు లేదు, నూనె చుక్క లేదు. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించిన ముక్కలను పచ్చి వెదురు బొంగులో కూరి, మూతిని ఆకులతో బిగించి మంటలో తిప్పుతారు. బొంగు పైన నల్లగా మాడుతుంది, లోపల తన తడితో ముక్కను ఉడికిస్తుంది. కారిన రసం ఎటూ పోదు, తిరిగి ముక్కకే పడుతుంది. నేరుగా నిప్పు తగిలే చోట పెరుగు చేసే కాపలా పనిని ఇక్కడ వెదురు చేస్తోంది. ఏ మసాలా కలపాలో తేల్చేది పుస్తకం కాదు, మీ దగ్గరున్న పొయ్యి అని నేననేది అందుకే. పల్లెల్లో నాటుకోడిని ఈకలు పీకాక తాటాకు మంట మీద కాల్చి, పసుపు రాసి, ఆ తర్వాత కోస్తారు. అక్కడ మసాలా కంటే ముందు నిప్పే తగులుతుంది. కూరలో ఉడికాక కూడా తోలులోని ఆ కాలిన వాసన పోదు.

ఇక కాల్చడం. తందూరులో నిలువుగా దించిన చువ్వల నుంచి కారిన రసం బొగ్గుల మీద పడి పొగై మళ్లీ ముక్కకే చేరుతుంది. సగం కాలాక చువ్వను బయటికి తీసి కొద్ది నిమిషాలు ఆరనిచ్చి, వెన్న రాసి, మళ్లీ దించుతారు. ఆ విరామంలో బయటి వేడి నెమ్మదిగా లోపలికి సర్దుకుంటుంది. ఇంట్లో బొగ్గుల గ్రిల్ ఉంటే బొగ్గులన్నీ ఒక పక్కకు నెట్టి, ముందు వేడి తక్కువున్న వైపు కాల్చి, చివర్లో నిప్పుల మీదికి జరపండి. మంట ఆరి బొగ్గుల మీద బూడిద కమ్మాకే ముక్క పెట్టాలి. ఓవెన్ అయితే 220 డిగ్రీలు, జాలీ మీద ముక్క, కింద పళ్లెం. ఎముక దగ్గర 74 డిగ్రీలకు చేరితే తినడానికి భయం లేదు. కాళ్లకు ఇంకో ఐదారు డిగ్రీలు ఎక్కితేనే ఎముక దగ్గర కండ మెత్తగా విడుతుంది.

శుభ్రత మాట కూడా ఇందులో భాగమే. నానబెట్టడం ఎప్పుడూ ఫ్రిజ్‌లోనే. వంటగట్టు మీద గంటలకొద్దీ వదలొద్దు. పచ్చి కోడి నానిన మసాలాను కాలుతున్న ముక్కల మీద చివర్లో రాయొద్దు. పూయడానికి కావాలంటే కలిపినప్పుడే కొంత విడిగా తీసి పెట్టుకోవాలి. గ్రిల్ చికెన్‌తో ఇచ్చే మయోనైజ్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. పచ్చిగుడ్లతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ చివర్లో ఏడాదిపాటు నిషేధించింది. అదే గట్టి పెరుగులో పుదీనా, పచ్చిమిర్చి నూరి కలిపితే దానికంటే బాగుంటుంది.

ఈ వారం ఒకసారి చేసి చూడండి. శనివారం రాత్రి పడుకునే ముందు గాట్లు పెట్టి ఉప్పు పట్టించండి, ఆదివారం పొద్దున నిమ్మరసం, అల్లం వెల్లుల్లి, అరగంట తర్వాత గట్టి పెరుగు, మసాలా. సాయంత్రం నిప్పులు రాజేయండి. రంగు డబ్బా మాత్రం కొనకండి.