వెనక వరసలో మొదలయ్యే పాట

అలివి వల లాగడం చూసినవాళ్ళకి పాట ఎలా పుడుతుందో వేరే చెప్పక్కర్లేదు. పడవ సముద్రంలోకి వెళ్ళి వలను వంపుగా దింపి వస్తుంది. రెండు కొసల తాళ్ళూ ఒడ్డునే ఉంటాయి, తాటికో జట్టు. లాగేకొద్దీ జట్లు రెండూ ఒకదాని దగ్గరికి ఒకటి జరుగుతూ వస్తాయి. జట్టులో ఒకడు మాట విసురుతాడు, మిగతావాళ్ళు ‘హైలెస్సా’ అంటారు. మాట వినేటప్పుడు ఊపిరి తీసుకుంటారు, వంత మీద బలం వేస్తారు. ఆ విసిరే మాట ఎక్కడా రాసి ఉండదు. అల మీద ఒకటి, పొద్దెక్కి వచ్చిన కుర్రాడి మీద ఒకటి, ఒడ్డున కాచుకుని కూర్చున్న బేరగాడి మీద ఒకటి. అందరూ ‘హైలెస్సా’ అంటున్న ఆ కాస్త సేపే విసిరేవాడికి దొరికే తీరుబడి. తర్వాతి మాట అందులోనే తయారవుతుంది. పాతకాలపు ఇంగ్లీషు తెరచాప ఓడల్లో తాళ్ళు లాగిన నావికుల షాంటీ పాటలకీ ఇదే కట్టుబాటు. బరువుండి, పదిమంది చేతులు ఒక్కసారి కదలాల్సిన చోట మనుషులు ఈ పద్ధతికే వచ్చారు.

అలివి వలలు లాగే కృష్ణా డెల్టా కొసన ఉన్న పాలకాయతిప్ప అనగానే బయటివాళ్ళకి రెండే గుర్తొస్తాయి: 1977 నవంబరు 19 నాటి ఉప్పెన, మాఘ పౌర్ణమికి కృష్ణ సముద్రంలో కలిసే చోట స్నానాలు. పక్కనే హంసలదీవిలో వేణుగోపాలస్వామి. ఎగువన మొవ్వలో ఉన్నదీ వేణుగోపాలుడే, క్షేత్రయ్య తన పదాల్లో మువ్వగోపాలుడని ముద్ర వేసుకున్న స్వామి. మురళి పట్టుకున్న దేవుణ్ణి ఇలా రెండు చోట్లా నిలుపుకున్న ఈ డెల్టాలో సొంతంగా పాట కట్టినవాళ్ళు ఇంతమంది ఎలా వచ్చారని అడిగితే, నేల మహిమ అనో, పూర్వజన్మ సుకృతం అనో అంటారు. నేను ఒప్పుకోను. ఇక్కడ పాటకి వెనక వరస ఉంది. పాడటం రానివాడు కూర్చోవడానికి చోటుంది. మొదలుపెట్టడానికి కావలసింది అదే.

ఊడ్పుల్లో చూడండి. ఆడవాళ్ళు వరసగా వంగి, నాటుకుంటూ వెనక్కి జరుగుతారు. నడుం వంచి పాడేటప్పుడు పొడుగు పల్లవి ఊపిరికి ఆగదు. అందుకే చరణం పొట్టిగా ఉంటుంది, వంత ఇంకా పొట్టి. కొత్తగా కూలికి వచ్చిన పిల్ల మొదటి రోజు వంత మాత్రమే అంటుంది. వంత తప్పితే చెయ్యి తప్పుతుంది, మడిలో వెనకబడుతుంది. కాబట్టి సిగ్గుపడటానికి వీలుండదు. కొన్నాళ్ళకి పెద్దామెకి ఊపిరాడని చోట ఆ పిల్ల ఎత్తుకుంటుంది. వెదసాగు వచ్చాక ఊడ్పులు తగ్గాయి, వాటితో ఈ పాటలూ తగ్గాయి. ఖర్చు లెక్క రైతుది, కాదనలేం. పోయింది మాత్రం చిన్నది కాదు.

ఇంకా గట్టిగా నిలబడి ఉన్నది ఏకాహం. ఇరవై నాలుగు గంటలు నామం తెగకూడదు. దాని పనితనం బయటికి కనపడదు. జట్టు మారేటప్పుడు కొత్తవాళ్ళ హార్మోనియం పాతవాళ్ళ శ్రుతిలోనే వచ్చి కలవాలి. నాలుగు ఆవృత్తాలు రెండు జట్లూ కలిసి పాడాకే పాతవాళ్ళు లేవాలి. శ్రుతి ఎంచుకోవడం మరో విద్య. నాటకాల్లో పద్యం పాడి అలవాటైనవాళ్ళు నాలుగో అయిదో శ్రుతిలో ఎత్తుకోవాలని చూస్తారు. వెనకున్న ముసలివాళ్ళ గొంతులు అక్కడికి అందవు. మంచి హార్మోనిస్టు ముందు వెనక వరస చేత నామం ఒకసారి అనిపిస్తాడు. అది ఎక్కడ హాయిగా పలికిందో విని ఆ మెట్టు పట్టుకుంటాడు. ఇక కాలం సంగతి: పెంచడం ఎవరికైనా వచ్చు, అందరూ ఊగిపోతుంటే దానంతటదే పెరుగుతుంది. పెరిగినదాన్ని మళ్ళీ దింపడమే కష్టం. డోలక్ వాయించే మనిషి ముక్తాయింపు వేసి, ఒక్క దెబ్బ ఖాళీ వదిలి, సగం కాలంలో ఎత్తుకుంటాడు. ఆ ఖాళీలో తొందరపడి నామం అందుకున్నవాణ్ణి అందరూ తిరిగి చూస్తారు.

రాత్రి రెండు దాటాక పెద్దలకి కునుకు పడుతుంది. అప్పుడు తాళాలు పిల్లల చేతికి వస్తాయి. రెండు బిళ్ళలూ చదునుగా ఢీకొడితే మోత అక్కడే చచ్చిపోతుంది. అంచు కాస్త తప్పించి కొట్టి, వెంటనే విడదీస్తే కంచు మోగుతుంది. ఎవరూ దీన్ని పాఠంగా చెప్పరు. పక్కనున్న మనిషి ఆ చిన్న మణికట్టు పట్టుకుని ఒక్కసారి తిప్పి వదులుతాడు. తన చేతిలో కంచు మోగి, ఆ మోతకి పదిమంది గొంతులు సర్దుకోవడం విన్న పిల్లవాడికి వేరే ప్రోత్సాహం అక్కర్లేదు.

1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావు కథ నాకు ఇక్కడే అర్థమవుతుంది. తండ్రి సూరయ్య మృదంగం వాయిస్తూ నారాయణతీర్థుల తరంగాలు పాడేవారు. ఆ తరంగాలకి ఈ పిల్లవాడు చిందులు వేసేవాడు. తరంగంలో సాహిత్యం మధ్య జతులు కూడా కవే కూర్చాడు. అందువల్ల పాడేవాడి నోట్లో మాట, మృదంగం మీద దెబ్బ, ఆడేవాడి కాలిలో అడుగు ఒకదాన్నొకటి పట్టుకునే నడుస్తాయి. అర్థం తెలియని పిల్లవాడికి కూడా జతి కాలికి తెలుస్తుంది. కూచిపూడి వారు తరంగానికి పళ్ళెం అంచు మీద ఆడుతున్నది ఆ జతి బలంతోనే. తండ్రి పోయాక ఉంగరం అమ్ముకుని విజయనగరం వెళ్ళడం, జోలె పట్టి మధుకరం ఎత్తుకోవడం, పట్రాయని సీతారామశాస్త్రి చేరదీయడం అందరూ చెప్పుకునేవే. ఆ ఆకలి కథని నేను తక్కువ చెయ్యను. కానీ అంత ఆకలికి ఓర్చుకునేలా చేసింది అంతకు ముందు తండ్రి పాటకి వేసిన అడుగు. ‘పాతాళభైరవి’ (1951)లో బందరులో పెరిగిన పింగళి నాగేంద్రరావు మాటలకి బాణీలు కట్టింది ఆ చౌటపల్లి పిల్లవాడే.

శాస్త్రీయ సంగీతంలోనూ దారి ఇంతే. త్యాగరాజు శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన దగ్గర పెదకళ్ళేపల్లి వాసి సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన దగ్గర కృష్ణ ఒడ్డు శ్రీకాకుళంలో పుట్టిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, ఆయన దగ్గర మంగళంపల్లి బాలమురళీకృష్ణ. గురుకులంలో శిష్యుడు మొదట చేసే పని గురువు వెనక తంబూరా పట్టుకుని కూర్చోవడం, ఆయన ఆపినచోట అందుకోవడం. అలా పెరిగిన బాలమురళి 72 మేళకర్తల్లోనూ సొంత కృతులు కట్టారు. ‘జనక రాగ కృతి మంజరి’ 1952లో అచ్చయ్యేనాటికి ఆయనకి ఇరవై రెండేళ్ళు.

ఇప్పుడు నన్ను బాధపెడుతున్నది మైకు. ఒక్క గొంతుకి మైకు ఇచ్చి, ఊరి నాలుగు మూలలా హారన్లు కట్టాక వెనక వరసకి తన గొంతు తనకే వినపడదు. వినపడని వంత ఎవరు పాడతారు? నోళ్ళు మూతపడి, చేతులు ఫోన్ల మీదకి పోతున్నాయి. ఫోన్‌లో కరోకే పెట్టుకుని పాడే పిల్లల్ని నేను తప్పుపట్టను, వాళ్ళకున్న ఆశ అసలైనదే. అయితే ఆ ట్రాక్ ఎవరికోసమూ ఆగదు, తడబడితే శ్రుతి దించదు, మణికట్టు పట్టుకుని తిప్పదు. ఇంకొకళ్ళు కట్టిన పాటనే చివరిదాకా పాడిస్తుంది గానీ, తర్వాతి మాట నువ్వు విసురు అనదు.

కార్తీకంలో ఏకాహం పెట్టే ఊళ్ళ పెద్దలకి నా విన్నపం ఒక్కటే. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము దాకా మైకు తీసెయ్యండి. హార్మోనియం ఒక మెట్టు దించి పెట్టుకోండి. తాళాల జతలు రెండు ఎక్కువ తెప్పించి, పిల్లల చేతికి అందేచోట ఉంచండి.