ప్రతి నాడీకణానికీ ఒక చిరునామా ఉందా? – ఒక ఉపమానంపై విమర్శ

మెదడు నిర్మాణం గురించిన పాఠాల్లో మీకు తరచుగా ఎదురయ్యే వాక్యం ఒకటుంది: ప్రతి నాడీకణం ఉపరితలం మీద ఒక రసాయనిక చిరునామా ఉంటుంది, ఆక్సాన్ దాన్ని వెతుక్కుంటూ వెళ్లి సరైన చోట అతుక్కుంటుంది. పోస్టుకార్డు, పిన్‌కోడ్ ఉపమానాలు దీని వెంటే వస్తాయి. ఈ వాక్యం పూర్తిగా తప్పు కాదు. కాని దీన్ని అక్షరాలా నమ్మితే కణ ఉపరితల ప్రోటీన్లు నిజంగా చేసే పని మీకు అర్థం కాదు. కాబట్టి ఇక్కడ ఆ ఉపమానాన్నే పరీక్షిద్దాం.

దీని మూలం రోజర్ స్పెర్రీ ప్రయోగాల్లో ఉంది. 1940లలో ఆయన కప్పలు, న్యూట్ల దృక్ నాడిని కత్తిరించి, కనుగుడ్డును 180 డిగ్రీలు తిప్పి అమర్చాడు. నాడి మళ్లీ పెరిగింది, చూపు తిరిగి వచ్చింది. అయితే పైన కనిపించే ఈగ కోసం కప్ప కిందికి దూకేది. ఎంత అనుభవం వచ్చినా ఈ తీరు మారలేదు. అంటే రెటీనాలోని ఒక్కో భాగం నుంచి బయలుదేరిన ఆక్సాన్లు మెదడులో తమ పాత చోటికే చేరాయన్నమాట. 1963లో ప్రచురించిన వ్యాసంలో స్పెర్రీ దీనికి రసాయనిక ఆకర్షణను కారణంగా చెప్పాడు. అయితే కణానికి గుర్తింపు రెండు లేదా అంతకు మించిన ప్రవణతల కలయిక వల్ల వస్తుందని కూడా అదే వ్యాసంలో సూచించాడు. ప్రవణత అంటే ఒక అంచు నుంచి మరో అంచుకు పదార్థం మోతాదు క్రమంగా పెరగడం లేదా తగ్గడం. తరువాత సంగ్రహాలు రాసినవారు ప్రవణతను వదిలేసి, తాళం–తాళంచెవి బొమ్మను మాత్రం ఉంచుకున్నారు. స్పెర్రీకి ఇది న్యాయం కాదు.

లెక్క చూసినా తాళంచెవి బొమ్మ నిలవదు. మానవుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. ప్రోటీన్లను తయారుచేసే జన్యువులు దాదాపు 20,000 మాత్రమే. దీనికి జవాబుగా కొన్ని నోట్సుల్లో 38,016 అనే సంఖ్య కనిపిస్తుంది. ఒకే జన్యువు నుంచి తయారుకాగల డీస్కామ్ ప్రోటీన్ రూపాల సంఖ్య అది. కాని అది పండ్ల ఈగ సంగతి. క్షీరదాల డీస్కామ్‌కు అంత వైవిధ్యం లేదు. క్షీరదాల్లో దానికి దగ్గరగా వచ్చేవి గుంపులుగా ఉండే ప్రోటోకాడ్హెరిన్లు. ఎలుకలో వీటి జన్యువులు 58. వీటి పని కూడా చిరునామా చెప్పడం కాదు: ఎలుక రెటీనాలోని కొన్ని కణాల్లో ఇవి తన కొమ్మను తనదిగా గుర్తించి, దాని నుంచి తప్పుకునేలా చేస్తాయి.

ఇక అసలు పరీక్ష ఎఫ్రిన్లది. రెటీనా ఆక్సాన్ల మీద ఎఫ్-ఏ అనే గ్రాహకాలు, మధ్యమెదడులోని దృష్టి కేంద్రంలో ఎఫ్రిన్-ఏ ప్రోటీన్లు ప్రవణతలుగా పరచుకొని ఉంటాయని 1995లో బయటపడింది. గ్రాహకం ఎక్కువగా ఉన్న ఆక్సాన్‌ను ఎఫ్రిన్ ఎక్కువగా తరుముతుంది. అందువల్ల అది ఎఫ్రిన్ తక్కువగా ఉన్న ముందుభాగంలోనే ఆగిపోతుంది.

కాజీపేటలో ఉండేవాడిని కాబట్టి నాకు ముందుగా రైలే గుర్తొస్తుంది. రిజర్వేషన్ బోగీలో మీ బెర్తు నంబరు మీదే, పక్కవారెవరైనా సరే. జనరల్ బోగీలో అలా కాదు, మీకు దొరికే చోటు మీతోపాటు ఎక్కినవారిని బట్టి ఉంటుంది. మరి ఆక్సాన్ ఏ బోగీలో ప్రయాణిస్తోంది? 2000లో సాల్క్ సంస్థలో ఆర్థర్ బ్రౌన్, గ్రెగ్ లెమ్కే బృందం ఎలుక రెటీనాలో మెదడుకు ఆక్సాన్లు పంపే కణాల్లో సుమారు సగం వాటికి అదనపు గ్రాహకాన్ని చేర్చింది. ఆ కణాల ఆక్సాన్లు ముందుభాగాన్ని ఆక్రమించాయి. ఏ మార్పూ చేయని తక్కిన సగం వెనుకభాగానికి కుదించుకుపోయాయి. ఒకే రెటీనాకు రెండు పటాలు ఏర్పడ్డాయి. తక్కిన సగం కణాల ప్రోటీన్లు ఎప్పటిలాగే ఉన్నా వాటి చోటు మారింది. పిన్‌కోడ్ ఉపమానం ఇక్కడే కూలిపోతుంది: లెక్కకు వచ్చింది పక్కవాటితో పోల్చినప్పటి మోతాదు. జనరల్ బోగీయే.

హిప్పోకాంపస్‌లో మరో చిక్కు ఉంది. లీచున్ లువో బృందం 2018, 2021లలో చూపినట్లు, ఎలుకలో టెన్యూరిన్-3 ఉన్న ఆక్సాన్ టెన్యూరిన్-3 ఉన్న చోటికి ఆకర్షితమవుతుంది, లాట్రోఫిలిన్-2 ఉన్న చోటి నుంచి తప్పుకుంటుంది. ఒకే ప్రోటీన్ ఎదుటివారిని బట్టి ‘రా’ అనీ అంటుంది, ‘పో’ అనీ అంటుంది.

చిరునామా ఉపమానంలో నాకు అన్నిటికంటే ఎక్కువ అభ్యంతరమైన దోషం వేరే ఉంది. ఉత్తరం చేరగానే పని అయిపోయినట్లు అది భావింపజేస్తుంది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు చెందిన రమేశ్ కెకున్నాయ, హాంబుర్గ్‌కు చెందిన బ్రిగిట్టె రోడర్ తదితరులు పుట్టుకతోనే శుక్లాలుండి, తరువాత శస్త్రచికిత్సతో చూపు పొందినవారి మెదడు తరంగాలను పరిశీలించి 2018లో ఫలితాలు ప్రచురించారు. తొలి దృష్టి వల్కలంలో పటపు అమరిక ఆనవాళ్లు ఉన్నాయి. కాని ఆ తరువాతి దశల్లో జరగాల్సిన విశ్లేషణ దెబ్బతిన్నది. అంటే సరైన చూపు లేకుండా గడిచిన కాలంలోనూ పటం గీత నిలిచింది, దాన్ని వాడుకునే శక్తి మాత్రం పూర్తిగా సమకూరలేదు. ఈ వ్యక్తుల్లో ఏ ప్రోటీన్ ఎంత పని చేసిందో ఈ ప్రయోగం చెప్పదు. ఎలుకల దృష్టి వల్కల పటంలోనూ ఎఫ్రిన్ల పాత్ర ఉందని వేరే ప్రయోగాలు చూపాయి కనుక అలా ఊహించడానికి ఆధారం ఉంది, అంతే. మీ జవాబులో ఈ రెండిటినీ కలిపి రాయకండి.

రెండు కళ్లలోనూ దట్టమైన శుక్లాలతో పుట్టిన శిశువుకు మొదటి కొన్ని వారాల్లోనే శస్త్రచికిత్స చేయాలని వైద్యులు తొందరపెట్టేది ఇందుకే. మీలో అంగన్‌వాడీల్లో, ఆరోగ్య ఉపకేంద్రాల్లో పనిచేస్తూ చదువుకుంటున్నవారు ఉండవచ్చు. పసిపాప కనుపాప తెల్లగా కనిపిస్తే ‘కొంచెం పెద్దయ్యాక చూద్దాం’ అనే ఇంటివారికి, వెంటనే కంటి వైద్యుని దగ్గరకు తీసుకెళ్లాలని చెప్పేటప్పుడు ఈ ఫలితం మీకు అక్కరకు వస్తుంది.